మాస్కు తీసేస్తేనే రమ్మనకండి: గుంటూరు జిమ్ముల వారికి బహిరంగ లేఖ

గుంటూరులో జిమ్ములు, యోగా హాళ్లు, జుంబా క్లాసులు నడిపే అన్నలకు, అక్కలకు, అక్కడ నేర్పే కోచ్‌లకు నమస్కారం.

మన ఊరి జిమ్ముల్లో మాస్కు పెట్టుకుని వ్యాయామం చేసే మనిషి ఇప్పుడు ఎక్కడో ఒకరు కనిపిస్తారు. ఆ ఒక్కరి గురించే ఈ ఉత్తరం. మాస్కు తీసేస్తేనే లోపలికి రమ్మనకండి. అందరూ పెట్టుకోవాలని నేను అడగడం లేదు. పెట్టుకోక తప్పనివాళ్లు ఎలాంటిది పెట్టుకుంటే ఊపిరి ఆడుతుందో, చెమటకు తట్టుకుంటుందో, ఎగిరినా వంగినా జారకుండా ఉంటుందో మీరే చెప్పగలిగేలా ఉండాలని అడుగుతున్నాను. ఏ షూ వేసుకోవాలో, నడుముకు బెల్టు ఎప్పుడు కట్టుకోవాలో చెప్పేది మీరే. ఇది కూడా మీరు చెప్పాల్సిన విషయమే.

నేను బ్రాడీపేటలో బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. మా ఆయనకు కిడ్నీ మార్పిడి జరిగింది. మా అత్తగారు ఇచ్చిన కిడ్నీ. దాన్ని ఒళ్లు పరాయిదనుకుని తిప్పికొట్టకుండా ఉండాలంటే రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఆయన రోజూ వేసుకోవాలి, బతికున్నంత కాలం. మనకు నాలుగు రోజుల్లో తగ్గిపోయే ఫ్లూ ఆయన్ను ఆసుపత్రిలో పడుకోబెట్టగలదు. టీకాలు వేయించినా మనకు వచ్చినంత రక్షణ అలాంటివాళ్లకు రాదు. నాకేమో షుగరు, దానికి తోడు రోజంతా మిషను ముందు కూర్చునే పని. బరువులతో చేసే వ్యాయామం మొదలుపెట్టమని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఎన్టీఆర్ స్టేడియంలో నడవొచ్చు కదమ్మా అంటారు చాలామంది. చలికాలంలో నడుస్తాను. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో పొద్దున ఏడు దాటితే బయట అడుగు పెట్టలేమని మీకు వేరే చెప్పాలా? పైగా డంబెళ్లు స్టేడియం ట్రాకు మీద దొరకవు. అందుకని హాలుకు వస్తాను, మాస్కుతో వస్తాను.

ఒక జిమ్ములో చేరినప్పుడు అక్కడి కోచ్ అందరిముందూ "ఏం మేడం, ఇంకా కరోనా ఉందా?" అన్నాడు. కుర్రాడు, చెడుగా అన్న మాటేమీ కాదు. కొన్నాళ్లకు యజమాని పిలిచి చెప్పారు: "మాస్కుతో చేస్తే ఆక్సిజన్ అందదు, వదిలిన గాలే మళ్లీ పీలుస్తారు, ఇక్కడ పడిపోతే మా మీదకొస్తుంది. తీసేసి చేయండి, లేకపోతే మానేయండి." నేను మానేశాను. అదే బ్యాచ్‌లో కీమో చేయించుకుంటున్న ఒకావిడ తలకు స్కార్ఫు, ముఖానికి మాస్కు కట్టుకుని యోగాకు వచ్చేది. ఎందుకు మాస్కు అని రోజూ ఎవరో ఒకరు అడుగుతుంటే, నలుగురిలో తన జబ్బు గురించి చెప్పుకోలేక ఆవిడ నాకంటే ముందే మానేసింది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అది. ఆ యోగాతో కాస్త నిద్ర పడుతోందని ఆవిడ నాతో అన్నది.

ఆ యజమాని భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తీవ్రంగా వ్యాయామం చేసేటప్పుడు మాస్కు వద్దని, చెమటకు తడిసి ఊపిరి కష్టమవుతుందని, తడిలో క్రిములు పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020లో చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో జిమ్ములు తిరిగి తెరిచినప్పుడు మన కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన నిబంధనల్లో కూడా, వ్యాయామంలో ఎన్-95 పెట్టుకుంటే ఊపిరి తీసుకోవడం ఇబ్బంది కావచ్చని ఉంది. కాబట్టి ట్రెడ్‌మిల్ మీద గుండె అదిరేలా పరిగెత్తేవాళ్లు, గుక్క తిప్పుకోకుండా బర్పీలు కొట్టేవాళ్లు మాస్కుతో చేయాలని నేను అనను. నేనూ అలాంటివి చేయను.

అంతమాత్రాన మాస్కు పెడితే ఆక్సిజనే అందదు అనడం మాత్రం తప్పు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అణువులు మాస్కు పొరల్లోని సందుల కంటే ఎన్నో రెట్లు చిన్నవి, అవి వచ్చిపోతూనే ఉంటాయి. కెనడాలోని సస్కాచ్వాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో 14 మంది ఆరోగ్యవంతులైన ఆడా మగా చేత ఇక తొక్కలేం అనేదాకా సైకిలు తొక్కించి చూశారు. ఒకసారి మాస్కు లేకుండా, ఒకసారి సర్జికల్ మాస్కుతో, ఒకసారి మూడు పొరల గుడ్డ మాస్కుతో. రక్తంలో ఆక్సిజన్ తగ్గలేదు, తొక్కగలిగిన సత్తువా తగ్గలేదు. అదే ఏడాది జర్మనీలోని లైప్‌జిగ్‌లో 12 మంది మగవాళ్ల మీద చేసిన పరీక్షలో, ఎన్-95 లాంటి ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు పెట్టుకున్నప్పుడు గరిష్ఠ స్థాయిలో సత్తువ తగ్గిందని, అసౌకర్యం బాగా పెరిగిందని తేలింది. రెండూ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది: ఒక మోస్తరు వ్యాయామానికి సరైన మాస్కు అడ్డు కాదు. ఆఖరి చుక్క బలం పెట్టి చేసే వ్యాయామానికి గట్టి మాస్కు అడ్డే. అంటే ఏ మాస్కు, ఏ వ్యాయామం అన్నది చూసుకోవాలి. ఆ జత కుదర్చడం కోచ్‌కు తెలియాలి.

సీజన్‌లో మన మిర్చి యార్డుకు వెళ్లి చూడండి. నలభై కిలోల పైబడిన టిక్కీని, అంటే మిర్చి బస్తాను, వీపున వేసుకుని హమాలీ నడుస్తుంటాడు. ముక్కూ నోరూ మూసేలా తువ్వాలు బిగించి ఉంటుంది. కాయలు ఏరే ఆడవాళ్లు చీర కొంగో, చున్నీయో ముఖానికి చుట్టుకునే పొద్దుగూకే దాకా పని చేస్తారు. అది వాళ్లకు సుఖమని నేను అనడం లేదు, ఆ కారప్పొడి గాలికి తువ్వాలు చాలదు కూడా. వాళ్లకు మంచి మాస్కులు ఇప్పించాలన్నది ఇంకో ఉత్తరం రాయాల్సిన విషయం. ఏసీ హాల్లో పది కిలోల డంబెల్ ఎత్తే నాకు ఊపిరి అందదని భయపడేవాళ్లు వాళ్లను ఒక్కసారి గుర్తు చేసుకోవాలని మాత్రం అడుగుతున్నాను.

ఇక మాస్కు సంగతి. 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని నిర్ణయించినప్పుడు కుట్టింది డ్వాక్రా అక్కచెల్లెళ్లు. మా గ్రూపులో నేనూ కుట్టాను. మడతలు బయటివైపు కిందికి తిరిగి ఉండాలి, పైకి తిరిగితే దుమ్ము వాటిలో నిలుస్తుందని మాకు అప్పుడే చెప్పారు. వాటిని ఎంతో ఇష్టంగా కుట్టాను కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి: వ్యాయామానికి నూలు గుడ్డ మాస్కు పనికిరాదు. పెద్ద తుంపరలను ఆపుతుంది కానీ గాలిలో తేలే సన్నటి కణాలను ఆపడంలో చాలా వెనకబడుతుంది. పైగా నూలు చెమటను పీలుస్తుంది. తడిసిన దారం ఉబ్బి నేత సందులు మూసుకుంటాయి, బట్ట బరువెక్కి గాలి పీల్చిన ప్రతిసారీ పెదాలకు అతుక్కుంటుంది. మీ కోచ్‌లు చూసి భయపడే "ఊపిరాడని" మాస్కులు చాలావరకు ఇలా తడిసిన గుడ్డవే.

స్పోర్ట్స్ మాస్కులని అమ్మే సాగే బట్టవి మెత్తగా, తేలిగ్గా ఉంటాయి. వెలుతురుకు అడ్డం పట్టి చూస్తే అవతలి వేళ్లు కనిపిస్తాయి. చెంపల దగ్గర గాలి ఎటు పడితే అటు పోతుంది. నియోప్రీన్‌వి, అంటే రబ్బరులాంటి దళసరి బట్టవి, మన ఉక్కపోతలో ముఖానికి శిక్ష. ముందు వైపు బిళ్లలు తిప్పి గాలిని తగ్గించే "ట్రైనింగ్ మాస్కు" అని ఇంకొకటుంది. అది ఊపిరిని కావాలని కష్టం చేసే పరికరం, గాలిని వడకట్టేది కాదు. దాన్ని క్రిముల నుంచి కాపాడుతుందని ఎవరికీ అమ్మకండి.

హాల్లో బరువులకు, నడకకు, యోగాకు నేను చూసినవాటిలో బాగా కుదిరేది నోటికి ఎడంగా నిలబడే మాస్కు. మధ్యలో మడత విప్పితే పడవలా తెరుచుకునేవి, లేదా గిన్నెలా గట్టిగా ఉండేవి. వీటికి రెండు సుగుణాలు ఉన్నాయి. బట్ట పెదాలకు తగలదు కాబట్టి తొందరగా తడవదు. బట్ట వైశాల్యం ఎక్కువ కాబట్టి అదే గాలి ఎక్కువ చోటు నుంచి వస్తుంది, పీల్చడం తేలికవుతుంది. కొనే ముందు ఒక పని చేయాలి. పెట్టుకుని గట్టిగా ఊపిరి లాగండి. బట్ట లోపలికి కుంగి ముక్కుకు అంటుకుంటే అది వద్దు. నోరు పూర్తిగా తెరిచి మూయండి. గడ్డం మీద నుంచి జారి కింది పెదవి దగ్గరికి వస్తే సైజు చిన్నది. తర్వాత రెండు అరచేతులూ మాస్కు మీద పెట్టి గట్టిగా ఊపిరి వదలండి. కళ్లకు గాలి కొడితే ముక్కు దగ్గర తీగ సరిగా ఒదగలేదు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు అద్దాలు మసకబారి ఆ సంగతి ముందే తెలిసిపోతుంది. తీగను ఒక చేత్తో నొక్కితే మధ్యలో గూడులా లేస్తుంది. రెండు చేతుల వేళ్లతో ముక్కు మధ్య నుంచి చెంపల వైపు దిద్దుకుంటూ రావాలి, చీర అంచు దిద్దినట్టు. గడ్డం దట్టంగా పెంచిన తమ్ముళ్లకు ఏ మాస్కూ అంచుల దగ్గర పూర్తిగా అతకదు, అది వాళ్లకు ముందే చెప్పండి.

పట్టీల దగ్గరే చాలామంది విసుగెత్తి మాస్కు పక్కన పడేస్తారు. చెవులకు తగిలించే ఎలాస్టిక్ గంటసేపు ఉంటే చెవి వెనక ఒరుసుకుంటుంది, చెమట ఉప్పుకు మండుతుంది. బెంచి మీద వెల్లకిలా పడుకున్నా, ప్లాంక్‌లో ముఖం కిందికి వేలాడినా జారుతుంది. అసలైన ఎన్-95కు తల చుట్టూ తిరిగే రెండు పట్టీలు ఉంటాయి. పైది తల వెనక ఎత్తున నిలవాలి, కిందిది మెడ మీద, జడ కింద నుంచి పోవాలి. జడ మీదుగా వేస్తే తల తిప్పినప్పుడల్లా పట్టీ జడతో పాటు కదిలి మాస్కును పక్కకు లాగుతుంది. ముడి వేసుకునే ఆడవాళ్లు ఆ గంటసేపు ముడిని కొంచెం కిందికి వేసుకుంటే పై పట్టీ దాని మీద ఆగుతుంది, జారదు. మీ ఆడ కోచ్‌లకు ఇది చూపించడానికి రెండు నిమిషాలు చాలు. చెవుల మాస్కే ఉన్నవాళ్లకు రెండు ఎలాస్టిక్‌లనూ తల వెనక కలిపే చిన్న కొక్కెం దొరుకుతుంది. లేదంటే నాలుగు వేళ్ల పొడవున్న నాడాకు రెండు చివరలా గుండీలు కుట్టి ఇవ్వొచ్చు. అవి ఎన్ని కావాలన్నా నేనే కుట్టిస్తాను, డబ్బు వద్దు.

సర్జికల్ మాస్కు తేలిక, ఊపిరికి హాయి. దాని లోపమంతా చెంపల దగ్గర తెరుచుకునే సందుల్లో ఉంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు 2021లో చూపించిన ఉపాయం ఒకటుంది. చెవి ఎలాస్టిక్‌ను మాస్కు అంచుకు ఆనించి ముడి వేసి, పక్కన మిగిలిన బట్టను లోపలికి మడిచి దోపితే ఆ సందు చాలావరకు మూసుకుంటుంది. యోగాకు, సాగదీసే వ్యాయామాలకు ఇది చక్కగా సరిపోతుంది.

వాల్వు ఉన్న మాస్కుతో హాయిగా ఉంటుంది, లోపలి వేడి, తేమ బయటికి పోతాయి. అయితే వాల్వు గుండా పోయే గాలి వడకట్టకుండానే పోతుంది. పెట్టుకున్న మనిషికి రక్షణ ఉంటుంది, పక్కవాళ్లకు అంత ఉండదు. 2020 జులైలో కేంద్రం రాష్ట్రాలకు రాసి వీటిని వద్దన్నది ఇందుకే. తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకునే మనిషి సంగతి వేరు, దగ్గుతూ వచ్చిన మనిషి సంగతి వేరు. దగ్గుతూ వచ్చినవాళ్లు ఏ మాస్కుతోనైనా సరే ఆ రోజు ఇంటికి వెళ్లడమే మంచిది.

డబ్బా మీద ఏం చూడాలో కూడా తెలిసి ఉండాలి. ఎన్-95 అన్నది అమెరికా వాళ్ల ప్రమాణం, 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపాలి. మన దేశంలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్రతో ఐఎస్ 9473, ఎఫ్ఎఫ్‌పీ2 అని ఉంటుంది. ఏ ముద్రా లేకుండా రోడ్డు పక్కన కట్టలుగా అమ్మేవాటి మీద ఎన్-95 అని అచ్చు వేసి ఉన్నా నమ్మకండి. వీటి మధ్య పొర నేసిన బట్ట కాదు. కరిగించిన పాలీప్రొపిలీన్‌ను సన్నటి పోగులుగా ఊదిన పొర, దానిలో నింపిన విద్యుత్ ఆవేశంతో కణాలను పట్టి ఉంచుతుంది. సబ్బు నీళ్లు, స్పిరిట్ శానిటైజర్ తగిలితే ఆ ఆవేశం పోతుంది. చూడ్డానికి కొత్తదిలాగే మెరుస్తుంది కానీ వడకట్టదు. అందుకే ఉతక్కూడదు. వ్యాయామం అయ్యాక కాగితం సంచిలో వేసి గాలి తగిలే నీడలో ఆరబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి వాడుకోవాలి. పట్టీ సాగినా, ముక్కు తీగ విరిగినా, మరక పడినా, చెమటకు పూర్తిగా తడిసినా పారేయడమే. సంచిలో ఎప్పుడూ ఇంకొకటి ఉండాలి. నుదుటికి ఒక చెమట పట్టీ కట్టుకుంటే పైనుంచి కారే చెమట మాస్కు దాకా రాదు. చిన్న సంగతే, కానీ మన ఊరి వాతావరణంలో మాస్కు ఎంతసేపు నిలుస్తుందన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది.

మాస్కుతో చేసేవాళ్లకు వేగం ఎంత ఉండాలో తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. పలకరిస్తే పూర్తి వాక్యం చెప్పగలగాలి. మాట మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించమనండి, సెట్ల మధ్య విరామం పెంచండి. కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి అన్నా ఇంకేం ఆలోచించకుండా ఆపించి, మాస్కు తీయించి, బయటి గాలికి తీసుకెళ్లండి. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు తమ డాక్టరును అడగాలి. జోరుగా ఊపిరి ఆడించే ప్రాణాయామాలు కపాలభాతి, భస్త్రిక మాత్రం మాస్కుతో చేయించకండి. అవి డాబా మీద, తెల్లవారుజామున చేసుకోవాల్సినవి.

ఇదంతా మాస్కు వేసుకునేవాళ్ల మీద పెట్టే బరువు. మీరు మోయాల్సింది హాలు గాలి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. కష్టపడి వ్యాయామం చేసేటప్పుడు అది వంద లీటర్లు కూడా దాటొచ్చు. అంతే గాలి బయటికీ వదులుతాడు. 2020 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని చెయోనాన్‌లో చిన్న హాళ్లలో జరిగిన జుంబా తరహా డాన్సు క్లాసుల నుంచి మొదలై 12 కేంద్రాలతో ముడిపడి 112 మందికి కరోనా సోకింది. అక్కడ జబ్బు పడిన ఒక కోచ్ పిలాటీస్, యోగా కూడా నేర్పింది. ఏడెనిమిది మందితో నెమ్మదిగా సాగిన ఆ క్లాసుల్లో ఎవరికీ అంటలేదు. జనం, జోరు, మూసిన గది కలిస్తే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. ఫ్లూ కూడా వచ్చేది ఊపిరి దారినే.

మన హాళ్లు చాలావరకు సెల్లార్లలోనో, అద్దాలు బిగించిన పై అంతస్తుల్లోనో ఉన్నాయి. గోడకున్న స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది, బయటి గాలిని తేదు. ఈ సంగతి తెలియని యజమానులు ఇంకా ఉన్నారు. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, దానికి ఎదురుగా గాలి వచ్చే దారి, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య కాసేపు తలుపులు బార్లా తెరవడం, ఇంతే కావాల్సింది. కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు ఒకటి గోడకు పెట్టండి. బయటి గాలిలో అది దాదాపు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420, ఉంటుంది. సాయంత్రం బ్యాచ్ నిండినప్పుడు వెయ్యి దాటిపోతుంటే జనం వదిలిన గాలినే జనం పీలుస్తున్నారని అర్థం. కరెంటు బిల్లు పెరుగుతుందని మీరు అంటారు. నిజమే, మే నెలలో ఇంకా పెరుగుతుంది. ఆ ఖర్చు ఫీజులో కలపండి, నేను సంతోషంగా కడతాను.

మీ నుంచి కోరేది ఇంకొకటి ఉంది. మాస్కుతో వచ్చినవాళ్లను నలుగురిలో కారణం అడగకండి. ఆరోగ్య సమస్యలు రాసుకునే ఫారం చేరేటప్పుడే ఇస్తారు కదా, అందులో ఒక గడి చేర్చండి, మీకు తెలియాల్సింది అక్కడ రాస్తారు. కిటికీ దగ్గరి రెండు మ్యాట్లు వాళ్లకు వదలండి. రద్దీ తక్కువుండే పదకొండు గంటల వేళ వస్తామంటే రానివ్వండి. పక్కవాళ్లు ఎగతాళి చేస్తుంటే కోచ్ ఒక్క మాట అంటే చాలు, ఆగిపోతుంది. అదే కోచ్ నవ్వితే హాలంతా నవ్వుతుంది.

మీలో ఎవరు సరేనన్నా, ఆదివారం మధ్యాహ్నం క్లాసులు లేని వేళ నేను మీ హాలుకు వస్తాను. పడవ రకం, గిన్నె రకం, తల పట్టీలవి, చెవులవి, ముడి వేసి దోపిన సర్జికల్‌వి అన్నీ కొత్తవి తెస్తాను. మీ కోచ్‌లు ఒక్కొక్కరూ ఒక్కోటి పెట్టుకుని ఒక సెట్ స్క్వాట్లు, ఒక ప్లాంక్ చేసి చూడాలి. ఎక్కడ ఒరుసుకుంటోందో, ఎప్పుడు జారుతోందో వాళ్ల ముఖానికే తెలియాలి. మీరు చేయాల్సింది రిసెప్షన్‌లో ఒక డబ్బా మంచి మాస్కులు పెట్టడం, గోడ మీద ఉన్న నిబంధనల బోర్డులో "మాస్కు పెట్టుకుని వ్యాయామం చేయవచ్చు" అని ఒక వరుస రాయించడం. ఆ బోర్డు కనిపించిన రోజు, కీమో చేయించుకుంటున్న ఆవిడకు నేనే ఫోన్ చేసి చెబుతాను.

ఇట్లు,
బ్రాడీపేట నుంచి ఒక లేడీస్ టైలరు